అన్నం పక్కన ఏముంది?

నెల్లూరు జిల్లా సంగం నుంచి పడమరగా పోయేకొద్దీ నేల మారుతుంది, పళ్ళెం మారదు. సంగం దగ్గర పెన్న మీద 1880లలో కట్టిన పాత ఆనకట్ట, దాని స్థానంలో 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజి, అక్కడి నుంచి కనిగిరి రిజర్వాయరుకు పారే కాలవ, ఆ కాలవ కింద కనుచూపు మేర వరి. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపు గాని, వింజమూరు మీదుగా ఉదయగిరి వైపు గాని తిరిగితే అంతా మెట్ట. కంది, మినుము, ఉలవ, పొగాకు, పైన వాన దయ. ఇంత తేడా ఉన్నా మధ్యాహ్నం కూలిపని నుంచి వచ్చిన మనిషి ముందు కనిపించేది ఒకటే. నిండుగా తెల్లన్నం, పక్కన పలచని చారో, పచ్చడో, నిన్నటి పులుసో. తక్కువ డబ్బుతో ఒంటికి పట్టే తిండి ఎలా తినాలన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు వెతకాలంటే అన్నం పక్కనున్న ఆ చిన్న గిన్నెను చూడాలి.

అన్నం సంగతి చాలావరకు తేలింది. 1983 ఏప్రిల్ 14న ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టింది. మధ్యలో ధర పెరిగింది. 2008లో మళ్ళీ 2 రూపాయలైంది, 2011లో రూపాయికి దిగింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కిందున్న కార్డుల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే ఇంటికి 35 కిలోలు ఉచితం. ఊరికే బియ్యమిచ్చి జనాన్ని సోమరుల్ని చేశారనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాన లేని ఏడాది మెట్ట ఊళ్ళలో అప్పు చెయ్యకుండా పొయ్యి వెలుగుతోందంటే ఆ బియ్యం చలవే. ఈమధ్య ఏళ్ళలో ఆ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజల్ని నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. రంగు కొంచెం తేడాగా ఉండేసరికి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని భయపడి ఏరి పారేసే ఇళ్ళున్నాయి. ఏరకూడదు, అవి బియ్యప్పిండితో చేసినవే. నాలుగైదుసార్లు కడగటం, గంజి వార్చి పారబొయ్యటం కూడా నష్టమే, బి విటమిన్లు ఆ నీళ్ళతోనే పోతాయి. ఇది చిన్న విషయం కాదు. తెల్లగా మరపట్టిన పచ్చి బియ్యం తినే మన కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి తిష్ఠ వేసుకుని ఉండేది. ఈ రోజు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగానే పుట్టింది.

గింజ ఒక్కటే ఇస్తే చాలునా అన్న వాదం అంతకంటే పాతది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలు, వాటిలో నెల్లూరు కూడా, మలమల మాడాయి. వైస్రాయి పంపగా 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిపాటి చిల్లర చాలునని లెక్క కట్టాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. రాళ్ళు మోసే మనిషికి ఆ గింజ చాలదని, పప్పు, కూరగాయలు లేకపోతే బతకరని వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. ఆలోగా పోయిన ప్రాణాలు పోయాయి. కార్నిష్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. బియ్యం ప్రభుత్వం ఇస్తోంది, పప్పుకూ ఆకుకూరకూ గుడ్డుకూ డబ్బులెక్కడివి?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ప్రకటించింది. 2000 కేలరీలు కావలసిన మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు. మంచి పళ్ళెం. నలుగురున్న ఇంటికి దీన్ని గుణించి చూశాను. కందిపప్పు కిలో 120, పాలు లీటరు 60, నూనె 150, కూరగాయలు సగటున కిలో 35 అనుకుని, రేషన్ బియ్యం పోగా మిగతాది కొంటే నెలకు 7 వేల రూపాయలు దాటింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ పళ్ళెం కావాలంటే నెలలో 23, 24 రోజుల కూలి ఒక్క తిండికే పెట్టాలి. ఆ ఏడాది 100 రోజుల పని పూర్తిగా దొరికినా నెలకు సగటున 2,550 రూపాయలే. అందుకే పళ్ళెం బొమ్మ గోడకు అంటించి చేతులు దులుపుకుంటే లాభం లేదు. తగ్గించక తప్పనప్పుడు దేన్ని ముందు తగ్గించాలి, దేన్ని చివరిదాకా పట్టుకోవాలి అన్నది చెప్పాలి. పుస్తకాలు దాని జోలికి పోవు. ఇల్లు నడిపే ఆడవాళ్ళు రోజూ చేసేది అదే.

మామూలుగా డబ్బు బిగిస్తే ముందు పప్పు పలచనవుతుంది, తర్వాత గుడ్డు ఆగుతుంది. పిల్లల పాలు, పెద్దల టీ మాత్రం ఆగవు. నా లెక్కలో ఇది తలకిందులు. 10 గ్రాముల మాంసకృత్తులు ఒంట్లో పడటానికి ఎంతవుతుందో చూడండి. ఉలవలు కిలో 80 అనుకుంటే మూడున్నర రూపాయలు. కందిపప్పుతో అయిదున్నర. వేరుశనగ గింజలు కిలో 140 అనుకుంటే సుమారు 6. గుడ్డు 7 రూపాయలనుకుంటే 11 దాటుతుంది. పాలతో 18. కాబట్టి చివరిదాకా పట్టుకోవలసింది పప్పుల్ని. వాటిలోనూ కంది ఒక్కటే పప్పని అనుకోనక్కర్లేదు. ఉలవలు, అలసందలు, పెసలు ఈ నేల మీదే పండుతాయి. అన్నంలో తక్కువైన లైసిన్ పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో తక్కువైన మెథియొనిన్ అన్నంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఆ మాంసకృత్తుల నాణ్యత మాంసానికి దగ్గరగా వస్తుంది. గుడ్డు ఖరీదెక్కువైనా పూర్తిగా మానకూడదు. బి12 పప్పులో గాని ఆకులో గాని దొరకదు. వారానికి రెండు గుడ్లో, సంతలో చౌకగా దొరికిన చెరువు చేపలో, చారెడు ఎండుచేపలు వేసి చేసిన వంకాయ పులుసో ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. నెల్లూరు చేపల పులుసంటే కొరమీనేనని ఊరేగిస్తారు గాని చిన్న చేపల్లోనూ బలముంది. ముళ్ళతో సహా నమిలేవైతే సున్నం కూడా.

ఉలవల్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎడ్ల తిండి అని పక్కన పెట్టిన గింజ ఇది. నూరు గ్రాముల్లో 22 గ్రాముల మాంసకృత్తులు, 270 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటాయి. రాత్రి నానబెడితే తెల్లారి ఉడకటానికి గ్యాసు తక్కువ పడుతుంది. గ్యాసు కూడా తిండి ఖర్చే. ఉడికిన నీళ్ళు చింతపండు రసంతో చారవుతాయి, గింజలు ఎర్రగడ్డ, మిరపకాయ తాలింపుతో గుగ్గిళ్ళవుతాయి. ఒక్క పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ కూరా, చారూ, పిల్లలకు సాయంత్రం చిరుతిండీ. పట్నం హోటళ్ళలో మీగడ వేసి అమ్మే ఉలవచారుకు ఇంటి ఉలవచారు తీసిపోదు. ఒంటికి ఇదే మేలు, ఎందుకంటే ఇందులో గింజను పారెయ్యరు.

రాగులది రెండో స్థానం. సంగటి తినటం పెద్దవాళ్ళకు అలవాటే. కొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబాలు దాన్ని పేదతనానికి గుర్తుగా చూసి వదిలేశాయి. బియ్యంలో నూరు గ్రాములకు 10 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే రాగుల్లో 350 దరిదాపు ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. పాలు కొనలేని ఇంటికి ఆ కాల్షియం ఎక్కడి నుంచి రావాలి? రాత్రి సంగటి ముద్ద, దానికి మునగాకు వేసిన పప్పు, మీద గ్లాసు మజ్జిగ. ఈ జవాబు మన ఊళ్ళోనే ఉంది. ఆకుకూర కోసం బజారుకే పోనక్కర్లేదు. వాన పడిన నెలలోపే చేలో చెంచలాకు, దొగ్గలాకు మొలుస్తాయి, కాలవ గట్టున పొన్నగంటి పాకుతుంది. దొడ్లో ఒక్క మునగ చెట్టు, ఒక అవిశ చెట్టు ఉంటే ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. అయితే ఒక్క హెచ్చరిక. కలుపు మందులు కొట్టిన చేలో కలగూరాకు కొయ్యకూడదు. ఈ మందులు వచ్చాక పేదవాళ్ళకు ఊరికే దొరికే కూర సగం పోయింది, ఆ నష్టం ఎవరి లెక్కలోనూ లేదు. కోసిన ఆకును నిమ్మకాయ పిండుకుని తినాలి. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. ఈ జిల్లాలో నిమ్మకాయకు కొదవ లేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు, గంట ఆగాలి.

ఈ పద్ధతిలో, పప్పులు మనిషికి 60 గ్రాములకు, పాలు ఇంటికి అరలీటరుకు తగ్గించి, ఆకు సగం దొడ్లో కోసుకుని, వారానికి మనిషికి రెండు గుడ్లు పెట్టుకుంటే, నా లెక్కలో నలుగురింటికి నెలకు 4,300 రూపాయల దగ్గర తేలుతుంది. అదీ తక్కువేం కాదు, 14 రోజుల కూలి. కాని ఇది చేతికి అందే లెక్క.

ఉదయగిరి వైపు ఈ లెక్కలో నీళ్ళు కూడా చేరతాయి. ఫ్లోరైడ్ విషం సంగతి మద్రాసు ప్రెసిడెన్సీలో బయటపడిందే నాటి నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్ళలో. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం దాని మీద పత్రం ప్రచురించింది. ఉదయగిరి, వరికుంటపాడు మండలాల్లో బోరు నీళ్ళతో ఆ బాధ ఇంకా ఉంది. అందుకని క్యాను నీళ్ళు కొంటారు. రోజుకొక క్యాను, అదీ 10 రూపాయలే అనుకున్నా నెలకు 300, అంటే రెండున్నర కిలోల కందిపప్పు. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చేసిన పనిలో తేలిందేమంటే, కాల్షియం తక్కువ తినే పిల్లల్లో ఫ్లోరైడ్ వల్ల మోకాళ్ళు వంకర తిరగటం ఎక్కువ. అదే సంస్థ 2002లో ప్రచురించిన చిన్న పరిశోధనలో, రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న మగపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. చింతపండు మందని నేను చెప్పటం లేదు, మంచినీళ్ళకు బదులు ఏదీ లేదు. కాని రాగి సంగటి, ఉలవచారు, మునగాకు ఈ మండలాల్లో రుచికో, పాత జ్ఞాపకానికో సంబంధించిన మాట కాదు. ఇక్కడి పిల్లల ఎముకలకు వేరేచోటి పిల్లల కంటే కాల్షియం అవసరం ఎక్కువ. అది ఇవ్వగలిగిన పంట మాత్రం చేలోంచి తగ్గిపోతోంది.

తిండి మీద తెలుగునాట పేరు తెచ్చుకున్న వాళ్ళు ముగ్గురు నలుగురున్నారు. మంతెన సత్యనారాయణ రాజు మొలకలు, పండ్లు, ఉప్పు లేని కూరలు తినమన్నారు. వీరమాచనేని రామకృష్ణ పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు మీద బతకమన్నారు. పొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికలు తినమన్నారు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వీటి ఆరోగ్యపు మంచిచెడ్డలు డాక్టర్లు తేల్చాలి. కూలి ఇంటి వైపు నుంచి చూస్తే పండ్ల దారి, కొవ్వు దారి రెండూ అందవు. మూడోది అందాల్సింది, ఎందుకంటే కొర్ర, అరిక, వరిగ ఈ మెట్టలో తాతల నాటి పంటలు. కాని పట్నంలో గిరాకీ పుట్టాక కిలో 100 రూపాయల పైమాటై, పండించిన ఊరికే దూరమయ్యాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990లలో ఇంకో దారి చూపారు. తమ బీడు భూముల్లో పండించిన జొన్నల్ని తామే నిలవ చేసి, తమ ఊరి పేదలకే తక్కువ ధరకు పంచారు. చిరుధాన్యాల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకు ఆ పనే గొప్పగా కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పిందంతా డబ్బు ఇంట్లోకి వచ్చాక సంగతి. రాకముందే పోతే? ఆ ప్రశ్నను దేశం ముందు పెట్టింది ఈ మెట్ట ఆడవాళ్ళే. వాళ్ళ ఊరు ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంట. 1983లో 2 రూపాయల బియ్యం వచ్చిన కాలంలోనే ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా పాకెట్లుగా ఊరూరా దిగింది. బియ్యం కోసం డీలరు దగ్గర కాచుకోవాలి, సారా మాత్రం చేలో పనిచేసే చోటికే వచ్చేది. కూలి డబ్బులు మొగుడి చేతిలోంచి నేరుగా సారా కొట్టుకు పోతుంటే 2 రూపాయల బియ్యానికి కూడా ఇంట్లో 2 రూపాయలుండేవి కావు. 1991లో అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం కింద నెల్లూరు జిల్లాలో రాత్రిబళ్ళు మొదలయ్యాయి. అక్షరాలు నేర్చుకోవటానికి కూర్చున్న ఆడవాళ్ళు వాచకంలోని కథల్లో తమ ఇంటినే చూసుకున్నారు. రోశమ్మ, ఆమెతోటి దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దిగనివ్వలేదు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు జరగకుండా ఆపింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ ఉద్యమాన్ని మద్యం మీద పోరాటంగానే అందరూ రాస్తారు. అది తిండి పోరాటం కూడా. మిగిలిన డబ్బు ఏమైందో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. నెల్లూరు జిల్లాలో ఆ వెంటనే వచ్చిన పొదుపు లక్ష్మి సంఘాల్లో ఆడవాళ్ళు రోజుకు రూపాయి చొప్పున దాచారు. తర్వాత రాష్ట్రమంతా వ్యాపించిన డ్వాక్రా సంఘాల బలానికి ఆ రూపాయి ఒక మూలం. కూలి ఆడదాని చేతికి వస్తే పప్పు డబ్బాలోకి పప్పు వస్తుంది, ఇది ఎక్కడైనా చూడొచ్చు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. ఇవాళ మద్యం దుకాణం సారా పాకెట్ కంటే ఖరీదైన సీసా అమ్ముతోంది. రోజుకు ఒక క్వార్టర్ తాగే ఇంట్లో పైన చెప్పిన 4,300 లెక్కకు అర్థం లేదు. చౌకగా వండటం ఎలాగో ఆడవాళ్ళకు నేర్పే ముందు ఈ మాట మగవాళ్ళతో మాట్లాడాలి.

ఇంటి డబ్బుకు మద్యం ఒక చిల్లైతే, రెండో చిల్లు చిన్నదిగా కనిపిస్తుంది. 2022-23 కుటుంబ వినియోగ సర్వేలో దేశవ్యాప్తంగా గ్రామీణ కుటుంబాలు ధాన్యాల మీద ఖర్చులో 4.91 శాతం పెడితే, టీ, కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తినుబండారాల వంటి వాటి మీద 9.62 శాతం పెట్టాయి. ఇద్దరు పిల్లలకు రోజుకు చెరొక 5 రూపాయల చిప్స్ ప్యాకెట్ అంటే నెలకు 300. ఆ డబ్బుకు 40కి పైగా గుడ్లొస్తాయి. తల్లుల్ని నిందించలేం. తెల్లవారుజామునే మిరపకోతకో, పొగాకు పనికో పోయే తల్లికి, ఏడ్చే పిల్లవాడి చేతిలో పెట్టటానికి అదే అందుబాటులో ఉంటుంది. వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క డబ్బాలో ఉంచితే ఆ పని అవి కూడా చేస్తాయి, మూడో వంతు ఖర్చుతో.

ఇంట్లో ఎంత వండినా చివర తినేది ఆడవాళ్ళే, కూర అడుగున మిగిలితేనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి దాదాపు 59 మంది ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో 63 శాతం. వండేటప్పుడే ఆమె వాటా పప్పు గిన్నెలో తీసి పక్కన పెట్టటానికి ఒక్క పైసా ఖర్చు కాదు.

పిల్లల విషయంలో బడి చాలా భారం మోస్తోంది. ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుతో నడిచే మధ్యాహ్న భోజనంలో వారానికి అయిదు గుడ్లు, వేరుశనగ చిక్కీ ఉన్నాయి. 2023 మార్చి నుంచి రాగిజావ చేరింది, 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చింది. ఆకలిగొన్న వాళ్ళకు వేళ చూడకుండా అన్నం పెట్టిన గోదావరి లంకల ఇల్లాలి పేరు దానికి పెట్టటం సబబుగా ఉంది. పట్టణాల్లో 5 రూపాయలకు అన్న క్యాంటీన్ ఉంది. కొండకింది పల్లెలకు అది అందదు, బడి మాత్రం అందుతుంది. రేషన్‌లో కార్డుకు కిలో కందిపప్పు 67 రూపాయలకు ఇచ్చే పద్ధతీ ఉంది. అది నెలనెలా తప్పకుండా వస్తే, దానితో పాటు ఈ మండలాల్లోనే కొన్న ఉలవలు, రాగులు కూడా ఇస్తే, అటు మెట్ట రైతుకు ధర దొరుకుతుంది, ఇటు కూలి ఇంటి గిన్నె నిండుతుంది.

బడికి ఏప్రిల్ చివరి వారంలో సెలవులిస్తారు, జూన్ రెండో వారం దాకా తెరవరు. ఈ ప్రాంతంలో ఆ ఏడు వారాలే అన్నిటికంటే కష్టకాలం. చేలో పని ఉండదు, ఆకు మొలవదు, కూరగాయల ధర పెరుగుతుంది, బోర్లు అడుగంటి క్యాను నీళ్ళు ఎక్కువ కొనాలి. సరిగ్గా అప్పుడే పిల్లవాడి గుడ్డు, జావ, చిక్కీ ఆగిపోతాయి. తెలిసిన ఇల్లాళ్ళు చింతచిగురు, మునగాకు ముందే నీడలో ఎండబెట్టి పొడి చేసి పెట్టుకుంటారు, ఉలవలు పంట రోజుల్లోనే కొని బూడిద కలిపి నిలవ చేస్తారు. దొడ్డీ, చేతిలో నాలుగు డబ్బులూ ఉన్న ఇంటికి అది కుదురుతుంది. లేనివాళ్ళ కోసం ప్రభుత్వం చెయ్యగలిగిన పని ఒకటుంది, అది కొత్తదీ కాదు. 2020లో కరోనాకు బళ్ళు మూసినప్పుడు మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్ళకే పంపించారు. ఆ జాబితాలు, ఆ డీలర్లు, ఆ పద్ధతి అన్నీ ఉన్నాయి. ప్రతి వేసవి సెలవులకు ముందు రోజు పిల్లవాడి సంచిలో ఏడు వారాలకు సరిపడా రాగిపిండి, వేరుశనగ, ఉలవలు పెట్టి, గుడ్లు అంగన్‌వాడీ ద్వారా వారంవారం ఇస్తే చాలు. ఆ పని ముందు ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు బళ్ళతో మొదలుపెట్టాలి.